లాంగ్‌బోర్డ్ స్మూత్‌గా వెళ్లాలా? బేరింగుల సంగతి తర్వాత, ముందు బుషింగులు చూడండి

ఫోన్ బాక్స్ మీద ‘200 మెగాపిక్సెల్’ అని రాసుంటే మనం ఇప్పుడు అంత తేలిగ్గా పడిపోం. సెన్సర్ సైజు ఎంత, ఓఐఎస్ ఉందా, రాత్రిపూట ఫొటో ఎలా వస్తోంది అని పది ప్రశ్నలు వేస్తాం. అదే మనం లాంగ్‌బోర్డ్ కొనేటప్పుడు మాత్రం ‘ఏబీఈసీ 9 బేరింగ్స్’ అని కనబడగానే కార్ట్‌లో వేసేస్తాం. తీరా రోడ్డెక్కాక అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే, తిప్పిన వైపు బోర్డు తిరగకపోతుంటే, ‘ఇంకా మంచి బేరింగులు వేయాలేమో’ అని మళ్లీ అక్కడే డబ్బులు పోస్తాం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. మన రోడ్ల మీద లాంగ్‌బోర్డ్ స్మూత్‌గా వెళ్లాలంటే ఖర్చు పెట్టాల్సింది ఇనుము మీద కాదు, రబ్బరు మీద. రబ్బరు అని వాడుకగా అంటున్నా, నిజానికి అది పాలీయూరెథేన్. ట్రక్ మధ్యలో ఉండే బుషింగులు, దాని ముక్కు కూర్చునే పివట్ కప్పు, డెక్‌కీ ట్రక్‌కీ మధ్య వేసే రైజర్, కింద చక్రాలు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే మామూలు బోర్డు కూడా బాగా నడుస్తుంది. ఇవి తేడాగా ఉంటే ఎంత ఖరీదైన బోర్డైనా ఇబ్బందే.

నాది చాట్రాయి. నూజివీడు మామిడి పండే ప్రాంతం, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. వారమంతా విజయవాడలో ఉంటాను, సెలవులకి ఊరెళ్తాను. బోర్డు రెండు చోట్లా తిరుగుతుంది. ఊళ్లో చీపురు గీతలు పడ్డ సీసీ రోడ్డు, ఊరు దాటితే కంకర తేలిన తారు రోడ్డు, బెజవాడలో ఫుట్‌పాత్ టైల్స్, మ్యాన్‌హోల్ మూతలు, స్పీడ్ బ్రేకర్లు. యూట్యూబ్‌లో చూసే కాలిఫోర్నియా బీచ్ రోడ్డు మనకు ఎక్కడా దొరకదు. కాబట్టి అక్కడి సెటప్ ఇక్కడ కాపీ కొడితే పనిచేయదు. ఈ రోడ్లకి తగ్గట్టు మనమే మార్చుకోవాలి.

ట్రక్ లోపల ఏముంటుంది?

మా ఊళ్లో ‘ట్రక్కు మార్చాలి’ అంటే మామిడికాయల బండి అనుకుంటారు. ఇక్కడ ట్రక్ అంటే బోర్డు కింద ముందొకటి వెనకొకటి ఉండే లోహపు భాగం. డెక్‌కి నాలుగు బోల్టులతో బిగించే పలక పేరు బేస్‌ప్లేట్. చక్రాల ఇరుసు ఉండే భాగం హ్యాంగర్. ఈ రెండింటినీ కలిపి పట్టుకునే లావుపాటి బోల్టు కింగ్‌పిన్. ఆ కింగ్‌పిన్‌కి దండ గుచ్చినట్టు రెండు బుషింగులు ఉంటాయి. హ్యాంగర్‌కి బేస్‌ప్లేట్ వైపు ఒకటి, నట్టు వైపు ఒకటి. మన మెకానిక్‌లు ‘బుష్షు’ అనేది దీన్నే. హ్యాంగర్ ముక్కు ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుంటుంది, అది పివట్ కప్పు.

మనం ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క బుషింగు నలుగుతుంది, హ్యాంగర్ తిరుగుతుంది, బోర్డు ఆ వైపు మళ్లుతుంది. ఒరగడం ఆపితే బుషింగు మళ్లీ సాగి, హ్యాంగర్‌ని నిటారుకి తెస్తుంది. అంటే స్టీరింగూ అదే, దాన్ని వెనక్కి తెచ్చే స్ప్రింగూ అదే.

ఈ ఐడియా నిన్న మొన్నటిది కాదు. 1863లో న్యూయార్క్‌కి చెందిన జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాల రోలర్ స్కేట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అందులో గొప్ప విషయం, ఒక పక్కకి ఒరిగితే ఆ పక్కకి తిరగడం. దానికోసం ఆయన వాడింది కూడా రబ్బరు మెత్తనే. చక్రాల కథా ఇంతే. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ పాలీయూరెథేన్ చక్రాలు తెచ్చేదాకా జనం ఇనుప చక్రాల మీద, మట్టి మిశ్రమంతో చేసిన ‘క్లే’ చక్రాల మీద తిరిగారు. చిన్న గులకరాయి అడ్డొచ్చినా చక్రం ఆగిపోయి మనిషి ముందుకి ఎగిరిపడేవాడు. స్కేట్‌బోర్డింగ్‌ని మళ్లీ బతికించింది కొత్త బేరింగ్ కాదు, కొత్త చక్రం. అంటే నూటయాభై ఏళ్లకు పైగా ఈ ఆటలో పెద్ద మార్పులన్నీ మెత్తటి భాగాల దగ్గరే జరిగాయి.

ఏబీఈసీ అంకె మనకేం చెబుతుంది?

ఏబీఈసీ అంటే యాన్యులర్ బేరింగ్ ఇంజినీర్స్ కమిటీ. అమెరికాలో బేరింగ్ తయారీదారుల సంఘానికి చెందిన కమిటీ ఇది. 1, 3, 5, 7, 9 అని గ్రేడ్లుంటాయి. అంకె పెరిగితే బేరింగ్ కొలతల్లో తేడా తగ్గుతుంది. అంతే. లోపలి గోళీల నాణ్యత, గ్రీజు, పక్క నుంచి వచ్చే ఒత్తిడిని తట్టుకోవడం, గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ, దుమ్ము చొరబడకుండా ఆపడం... వీటిలో ఒక్కటి కూడా ఆ అంకెలో లేదు. స్కేట్ బేరింగుల్లో బాగా పేరున్న ‘బోన్స్’ అయితే అసలు ఏబీఈసీ రేటింగే వాడదు.

ఒక చిన్న లెక్క చూడండి. 70 మి.మీ. చక్రం ఒకసారి తిరిగితే దాదాపు 22 సెంటీమీటర్లు వెళ్తుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 333 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి సుమారు 1,500 సార్లు తిరుగుతుంది. స్కేట్‌బోర్డుల్లో వాడే 608 సైజు బేరింగ్, లోపల 8, బయట 22, మందం 7 మి.మీ., మోటార్లలోనూ గ్రైండర్లలోనూ ఉండేదే. మంచి కంపెనీ మెటల్ షీల్డ్ 608 బేరింగ్ నిమిషానికి 30 వేల చుట్లు దాటినా తట్టుకునేలా తయారవుతుంది. అందులో 20వ వంతు కూడా మనం వాడటం లేదు. ఇక ఏబీఈసీ 5కీ 9కీ తేడా మన కాళ్లకి ఎక్కడ తెలుస్తుంది?

మన దుమ్ములో చూడాల్సింది సీల్. రెండు పక్కలా రబ్బరు సీల్ ఉన్న ‘2ఆర్ఎస్’ రకం మట్టిని బాగా ఆపుతుంది. చప్పుడు చేస్తుంటే విప్పి శుభ్రం చేసి, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి. మామూలు డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే మాత్రం ఉన్న గ్రీజు కూడా పోతుంది, కొన్నాళ్లకే మళ్లీ గోల మొదలవుతుంది. బేరింగుల గురించి ఇంతకంటే ఆలోచించాల్సిన పని లేదు.

స్మూత్ అంటే రెండు వేర్వేరు విషయాలు

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ‘స్మూత్‌గా లేదు’ అనే ఒక్క మాటలో రెండు ఫిర్యాదులున్నాయి.

మొదటిది కంపనం. రోడ్డు గరుకుతనం కాళ్లకి, మోకాళ్లకి ఎక్కడం. దీన్ని తగ్గించేవి ప్రధానంగా చక్రాలు, కొంతవరకు రైజర్లు. రెండోది మలుపు. ఒరిగినప్పుడు బోర్డు మెల్లగా, ఊహించినంతే తిరగాలి. ఒక దశదాకా కదలకుండా ఉండి హఠాత్తుగా పక్కకి లాగేయకూడదు, స్పీడులో వణకకూడదు. దీన్ని చూసుకునేవి బుషింగులు, పివట్ కప్పులు. కంపనానికి మందు బుషింగుల్లో వెతికినా, మలుపు సమస్యకి చక్రాలు మార్చినా డబ్బులు వృథా.

ముందు మలుపుతో మొదలుపెడతా. ఎందుకంటే కంపనం వల్ల కాళ్లు నొప్పి పెడతాయి, అంతే. మలుపు సరిగ్గా లేకపోతే ప్రాణం మీదకి వస్తుంది. మన దగ్గర స్కేట్‌బోర్డుకి వేరే దారి లేదు. పక్కన ఆటో, ఎదురుగా రాంగ్ రూట్‌లో బైక్, మధ్యలో కుక్క. మే నెలలో మా వైపైతే కాయలు నింపుకున్న ట్రాక్టర్లు, వ్యాన్లు వరసగా నున్న మార్కెట్‌కి పోతుంటాయి. అలాంటి చోట అరడుగు పక్కకి తప్పుకోవాలంటే బోర్డు మన మాట వెంటనే వినాలి.

బుషింగులు: మీ బరువుకి తగ్గవే వేయండి

బోర్డుతో వచ్చే బుషింగు సగటు మనిషి కోసం తయారు చేసింది. 50 కిలోల కుర్రాడికీ 90 కిలోల అన్నయ్యకీ ఒకటే బుషింగు ఎలా సరిపోతుంది? సన్నటివాడికి అది రాయిలా ఉంటుంది, లావుగా ఉన్నవాడికి జెల్లీలా ఊగుతుంది.

గట్టిదనాన్ని షోర్ ఏ అనే స్కేల్ మీద చెబుతారు. ఒక చిన్న సూదిని పదార్థంలోకి నొక్కి, అది ఎంత దిగిందో చూసి 0 నుంచి 100 లోపు అంకె ఇస్తారు. అంకె పెరిగితే గట్టి. లాంగ్‌బోర్డ్ బుషింగులు సుమారుగా 78ఏ నుంచి 97ఏ మధ్య దొరుకుతాయి. కంపెనీని బట్టి చార్టు కొంచెం మారుతుంది కానీ, మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు:

55 కిలోల లోపు: 78ఏ నుంచి 82ఏ
55 నుంచి 70 కిలోలు: 83ఏ నుంచి 87ఏ
70 నుంచి 85 కిలోలు: 87ఏ నుంచి 90ఏ
అంతకు మించితే: 90ఏ పైన

గట్టిదనం తర్వాత ఆకారం. కోన్ ఆకారపు బుషింగు త్వరగా నలుగుతుంది, బోర్డు బాగా తిరుగుతుంది. పీపాలాంటి బ్యారెల్ నిలకడగా ఉంటుంది. ఊళ్లో, సిటీలో తిరగడానికి నాకు నచ్చిన కాంబినేషన్: బేస్‌ప్లేట్ వైపు బ్యారెల్, నట్టు వైపు కోన్. వెనక ట్రక్‌లో మాత్రం రెండు వైపులా బ్యారెల్, ముందుకంటే ఒక మెట్టు గట్టిగా. స్పీడులో వణుకు చాలాసార్లు వెనక ట్రక్ అతిగా తిరగడం వల్ల వస్తుంది. ముందు ట్రక్ దారి చూపిస్తే, వెనకది బుద్ధిగా వెంట రావాలి.

చాలామంది ఇవేవీ చేయకుండా కింగ్‌పిన్ నట్టు బిగించేస్తారు. వదులుగా ఉంటే టైట్ చెయ్, గట్టిగా ఉంటే లూజ్ చెయ్, అంతే కదా అని. ఇది ఎందుకు పనిచేయదో మా ఊరి వాళ్లకి సులువుగా చెప్పొచ్చు. మామిడికాయలు ట్రేల్లో సర్దేటప్పుడు కాయ కందకుండా అడుగున ఎండుగడ్డి వేస్తారు. గడ్డి వదులుగా వేస్తే కాయలు దొర్లుతాయి. మరీ కుక్కి కుక్కి వేస్తే గడ్డి చెక్కలా మారి, ఉండీ లేనట్టే. బుషింగు కూడా అంతే. నట్టు అతిగా బిగిస్తే అది ముందే నలిగిపోయి ఉబ్బుతుంది, ఇక మనం ఒరిగినప్పుడు నలగడానికి అందులో ఏమీ మిగలదు. మొదట్లో కదలదు, తర్వాత ఒక్కసారిగా తిరుగుతుంది. త్వరగా చిట్లిపోతుంది కూడా. పైనున్న వాషర్ చేత్తో తిప్పితే తిరగకుండా ఆగేదాకా బిగించి, ఆపైన మహా అయితే ఒక చుట్టు. అప్పటికీ ఊగుతుంటే నట్టు వదిలేసి, గట్టి బుషింగు కొనండి.

వాషర్‌ని కూడా పట్టించుకోండి. గిన్నెలా ఉండే కప్ వాషర్ బుషింగుని అంచుల దగ్గర పట్టి ఉంచుతుంది, కదలిక తగ్గుతుంది. అదే చదును వాషర్ వేస్తే బుషింగుకి స్వేచ్ఛ వస్తుంది, మలుపు మెత్తబడుతుంది. చిల్లర డబ్బులతో అయిపోయే మార్పు ఇది. ఇక తిరిగినప్పుడల్లా కిర్రుమని చప్పుడొస్తుంటే అది పివట్ కప్పు. కొంచెం పొడి సబ్బు గీకి వేస్తే తగ్గుతుంది. హ్యాంగర్‌ని చేత్తో పట్టుకుని ఊపితే లొడలొడలాడుతుంటే మాత్రం కప్పు అరిగిపోయినట్టు, మార్చాల్సిందే.

చక్రాలు: పెద్దవి, మెత్తవి

స్కేట్ పార్కులో ట్రిక్స్ చేసేవాళ్ల చక్రాలు 52 మి.మీ. చుట్టూ ఉంటాయి, 99ఏ దాకా గట్టిగా ఉంటాయి. హైదరాబాద్‌లో వాల్‌రైడ్ పార్క్ లాంటి నున్నటి కాంక్రీటు మీద అవి బ్రహ్మాండం. అదే చక్రంతో మా ఊరి సీసీ రోడ్డు మీద వంద అడుగులు వెళ్తే పళ్లు కదిలిపోతాయి.

సైజు ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూపిస్తా. రోడ్డు మీద 20 మి.మీ. వెడల్పు సందు ఉందనుకోండి. దాని మీదుగా వెళ్లేటప్పుడు 52 మి.మీ. చక్రం 2 మి.మీ. లోపలికి దిగుతుంది. 70 మి.మీ. చక్రం దాదాపు ఒకటిన్నర మి.మీ. దిగుతుంది. 85 మి.మీ. చక్రం 1.2 మి.మీ. మాత్రమే. చూడ్డానికి చిన్న తేడా. కానీ సీసీ రోడ్డు మీద కొన్ని అడుగులకి ఒక సందు, ఫుట్‌పాత్ టైల్స్ మీద జానెడుకి ఒక సందు. ఆ చిన్న తేడా నిమిషానికి వందలసార్లు కాళ్లకి తగులుతుంది.

మన రోడ్లకి నా ఓటు 70 నుంచి 80 మి.మీ. సైజు, 78ఏ నుంచి 80ఏ గట్టిదనం. ఇంకా మెత్తవి వేస్తే ఎండాకాలం తారు మీద బురదలో నడిచినట్టు బరువుగా ఉంటుంది, త్వరగా అరిగిపోతాయి.

ఎలక్ట్రిక్ బోర్డు కొనాలనుకునేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. హబ్ మోటార్ ఉన్న బోర్డుల్లో చక్రం లోపలే మోటారు కూర్చుంటుంది కాబట్టి, చుట్టూ యూరెథేన్ పొర పలచగా ఉంటుంది. కంపనం ఎక్కువ. బెల్ట్ డ్రైవ్ బోర్డుల్లో మామూలు లావు చక్రం ఉంటుంది. ప్రొడక్ట్ పేజీలో వాట్లు, రేంజ్ చూసి ఆగిపోకండి, ఇది కూడా చూడండి.

రైజర్లు, బోల్టులు: ఇక్కడ కొలత తప్పకూడదు

పెద్ద చక్రం వేస్తే ఇంకో సమస్య వస్తుంది. గట్టిగా ఒరిగినప్పుడు చక్రం వెళ్లి డెక్‌కి తగిలి ఆగిపోతుంది. దీన్నే వీల్‌బైట్ అంటారు. బోర్డు ఆగుతుంది, మనం ఆగం. చక్రాలు మార్చిన ప్రతిసారీ బోర్డు మీద ఒక పక్కన బరువంతా వేసి నొక్కి చూడండి. చక్రం, డెక్ తగులుకుంటే రైజర్ వేయాలి.

రైజర్లు సాధారణంగా ఎనిమిదో వంతు అంగుళం, అంటే సుమారు 3 మి.మీ., లేదా పావు అంగుళం, అంటే 6 మి.మీ. మందంలో దొరుకుతాయి. మెత్తటి రైజర్ కొంత కంపనాన్ని కూడా మింగుతుంది. అలాగని రెండు మూడు పేర్చకండి. డెక్ ఎంత పైకి లేస్తే కాలితో నెట్టడం అంత కష్టం, నిలకడ అంత తక్కువ. చక్రం తగలకుండా ఉండేంత మందం చాలు.

రైజర్ వేస్తే పాత బోల్టు పొడవు సరిపోదు. నట్టు లోపల నీలం రంగులోనో తెలుపులోనో నైలాన్ రింగు ఉంటుంది కదా, దాన్ని దాటి బోల్టు రెండు మూడు మరలు బయటికి కనపడాలి. నైలాన్ దాకా కూడా రాకపోతే ఆ నట్టు కంపనానికి ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది.

స్పానర్ గొడవ ఇంకొకటి. స్కేట్ సామాన్లు చాలావరకు అంగుళాల కొలతలో ఉంటాయి, మన బైక్ మెకానిక్ దగ్గరుండేవి మి.మీ. స్పానర్లు. చక్రం నట్టు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. కాబట్టి 13 నంబర్ స్పానర్ పనిచేస్తుంది. డెక్ బోల్టుల నట్టు 9.5 మి.మీ., 10 నంబర్‌తో ఎలాగోలా నెట్టుకురావచ్చు. కింగ్‌పిన్ నట్టు మాత్రం 14.3 మి.మీ. 14 నంబర్ ఎక్కదు, 15 నంబర్ జారి మూలలు అరగదీస్తుంది. ‘ఇదేం నట్టు తమ్ముడూ, ఏ స్పానరూ పట్టట్లేదు’ అని మా ఊరి షాపులో అన్నది దీని గురించే. మూడు సైజులూ ఉన్న స్కేట్ టూల్ ఒకటి కొని పెట్టుకోండి. దానికి పెట్టే డబ్బు ఎప్పటికీ దండగ కాదు.

ఎక్కడిదాకా సొంత వైద్యం?

మన ఊళ్లలో ఏ పార్టూ దొరకదు, కానీ ఏ పార్టుకైనా ప్రత్యామ్నాయం చేసిపెట్టే మనిషి దొరుకుతాడు. మోటారు రీవైండింగ్ చేసేవాడు, లేత్ పట్టేవాడు, ట్రాక్టర్ బుష్షులు మార్చేవాడు. ఈ చేతి పనిని నేను గౌరవిస్తాను. గాడ్జెట్‌ని విప్పి, బాగు చేసి, మన అవసరానికి మార్చుకునే హక్కు మనకుండాలి అని ఫోన్ల విషయంలో ఎంత గట్టిగా అంటానో, బోర్డుల విషయంలోనూ అంతే. లాంగ్‌బోర్డ్ ఈ విషయంలో ఫోన్ కంటే వందరెట్లు నయం. గమ్ లేదు, సాఫ్ట్‌వేర్ లాక్ లేదు, మూడు సైజుల టూల్‌తో మొత్తం విప్పేయొచ్చు.

కానీ గీత ఎక్కడ గీయాలో తెలియాలి. రైజర్ దొరక్కపోతే మందపాటి గట్టి రబ్బరు షీటు కోసి వేసుకోండి, పర్వాలేదు. వాషర్, బేరింగ్ స్పేసర్ లాంటివి సరైన కొలతతో లేత్ మీద చేయించుకున్నా పర్వాలేదు. 608 బేరింగ్ విజయవాడలో బేరింగుల షాపులో అడిగినా ఇస్తారు.

కింగ్‌పిన్ జోలికి మాత్రం వెళ్లకండి. అది గట్టి ఉక్కుతో చేసిన బోల్టు, మామూలుగా గ్రేడ్ 8. హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి ఇనుప బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది, కొన్నాళ్లు మోస్తుంది కూడా. తర్వాత ఒకరోజు ఏ గుంతలోనో పుటుక్కుమంటుంది. హ్యాంగర్ ఊడి బోర్డు నుంచి విడిపోతుంది. వంగిన ఇరుసుని సుత్తితో కొట్టి సరిచేయడం, పగిలిన బేస్‌ప్లేట్‌కి వెల్డింగ్ పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. నా సూత్రం సింపుల్: తెగితే చప్పుడో, కుదుపో వచ్చే భాగాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. తెగితే మనిషి పడిపోయే భాగాన్ని అసలైనదే కొనాలి. ఎన్ని మార్పులు చేసినా హెల్మెట్ లేకుండా రోడ్డెక్కొద్దు, అది వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్‌తోనే టెస్ట్ చేసుకోండి

‘బుషింగు మార్చాక బాగుంది’ అని నేను అంటే మీరు నమ్మాల్సిన పని లేదు. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ రీడింగుని గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఫోన్‌ని డెక్ మధ్యలో టేపుతో గట్టిగా అంటించి, ఒకే రోడ్డు మీద, ఒకే దూరం, వీలైనంత ఒకే వేగంతో మార్పుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లండి. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడండి. చక్రాలు మార్చినప్పుడు తేడా కంటికి కనపడుతుంది. బేరింగులు మార్చినప్పుడు నాకైతే ఏ తేడా కనపడలేదు. బుషింగుల తేడా మాత్రం ఇందులో అంతగా తెలియదు. దానికి స్నేహితుడి చేత వెనక నుంచి స్లో మోషన్ వీడియో తీయించుకోండి, ట్రక్ ఎలా తిరిగి వస్తోందో స్పష్టంగా చూడొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈ పనికి పాత ఫోన్ వాడండి. శక్తిమంతమైన బైక్ ఇంజన్ల కంపనం వల్ల ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే చెప్పింది. గరుకు రోడ్డు మీద బోర్డుకి అంటించిన ఫోన్‌కి అంతకంటే సుఖం ఏమీ ఉండదు.

స్పెక్ షీట్‌లో ఈ ఐదూ ఉండాలి

నాకు అసలు కోపం ఇక్కడుంది. మన దేశంలో ఆన్‌లైన్‌లో అమ్మే బోర్డుల పేజీల్లో డెక్ ఎన్ని పొరల చెక్కో రాస్తారు, గ్రాఫిక్ ఫొటోలు పది పెడతారు, ఏబీఈసీ అంకె పెద్ద అక్షరాల్లో వేస్తారు. బుషింగు గట్టిదనం ఎంతో వెతికినా దొరకదు. ఫోన్ స్పెక్ షీట్‌లో బ్యాటరీ కెపాసిటీ రాయకపోతే మనం ఊరుకుంటామా?

కాబట్టి బోర్డు అమ్మే ప్రతి పేజీలో, మాలాంటివాళ్లు రాసే ప్రతి రివ్యూలో ఈ ఐదు వివరాలు ఉండాలని నా డిమాండ్: బుషింగు గట్టిదనం, ఆకారం. చక్రం సైజు, గట్టిదనం. బేస్‌ప్లేట్ కోణం, ఎందుకంటే 50 డిగ్రీల ప్లేటు ఎక్కువ తిరుగుతుంది, 43, 44 డిగ్రీలది నిలకడగా ఉంటుంది. నట్ల సైజు. చివరగా, విడి బుషింగులు, పివట్ కప్పులు ఇక్కడ దొరుకుతాయా లేదా. ఈ ఐదోది మెట్రో సిటీ వాళ్లకి పెద్ద విషయం కాకపోవచ్చు. చాట్రాయిలాంటి ఊళ్లో ఒక బుషింగు చిట్లితే బోర్డు నెలల తరబడి మంచం కిందే ఉంటుంది.

‘పల్లెటూళ్లో లాంగ్‌బోర్డ్ ఎవరు నడుపుతారు?’ అనేవాళ్లుంటారు. మధ్యప్రదేశ్‌లోని జన్వార్ అనే చిన్న పల్లెలో 2015లో స్కేట్ పార్క్ కట్టారు, అక్కడి పిల్లలు దాని మీదే పెరిగారు. రాజస్థాన్‌లోని ఖేమ్‌పూర్‌లో సినిమా కోసం కట్టిన పార్కుని షూటింగ్ అయ్యాక ఊరికే వదిలేశారు, 2021లో వచ్చిన ‘స్కేటర్ గర్ల్’ ఆ సినిమా. పిల్లలకి ఆసక్తి లేక కాదు, సరైన సామాను, సరైన సమాచారం అందక ఆగిపోతున్నారు.

చివరిగా, డబ్బు ఏ వరసలో పెట్టాలో చెప్పి ముగిస్తా. ముందు ఖర్చు లేని పనులు: బేరింగులు శుభ్రం చేయండి, నట్లు సరిచూడండి, వాషర్లు మార్చి చూడండి. తర్వాత మీ బరువుకి తగ్గ బుషింగులు. ఆ తర్వాత చక్రాలు, అవసరమైతే రైజర్లు, వాటికి తగ్గ బోల్టులు. ఇవన్నీ అయ్యాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు కొత్త ట్రక్కులు. ఏబీఈసీ 9 బేరింగులు ఈ జాబితాలో ఎక్కడున్నాయి అంటారా? పాతవి తుప్పు పట్టి తిరగనని మొరాయించినప్పుడు కొత్తవి కొనండి. అప్పుడు కూడా అంకె చూడొద్దు, సీల్ చూడండి.